ఒక్క మాట వెనక

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేవి గడియారాలు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. మూడూ ఒకే క్షణాన గంట కొట్టాలి. కొట్టకపోతే ఇంటాయన ఊరుకోడు. వారమంతా గడియారాలు బాగుచేసే దుకాణంలో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటాడు. ఆదివారం మందిరంలో గాయక బృందాన్ని నడిపిస్తాడు. తాళంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కనుబొమలు ముడిపడతాయి. పాడేవాళ్లంతా చాటుగా ఆయన్ని 'నిమిషాల మాస్టారు' అంటారు.

"నాన్న పరలోకానికి వెళ్లాక దేవుణ్ణి కూడా నిలదీస్తాడమ్మా, భూమ్మీదికి రెండో రాకడ ఇంత ఆలస్యం చేశావేమిటని," అంది కూతురు జుట్టు దువ్వుకుంటూ.

"నోర్ముయ్. విన్నాడంటే ముందు నీకే తీర్పు," అని నవ్వుతూ ఇస్త్రీపెట్టె జరిపింది తల్లి.

ఆమె దర్జీ. బృందం వేసుకునే పొడవాటి తెల్లటి అంగీలు కుట్టిందీ ఆమే, ప్రతి ఆదివారం ఇస్త్రీ చేసేదీ ఆమే. ఈ రోజు మరీ జాగ్రత్తగా చేస్తోంది. కొత్తగా కట్టిన మందిరంలో ఇదే మొదటి ఆరాధన. కెమెరాలు పెట్టి ఎక్కడెక్కడో ఉన్నవాళ్లకి కూడా చూపిస్తారట. ఆ కబురు తెలిసినప్పటి నుంచి ఆయన నిద్రలో కూడా వేళ్లతో తాళం వేస్తున్నాడు. తెల్లవారుతూనే మైకులు సరిచూసుకోవడానికి వెళ్లాడు. అంగీల కోసం మళ్లీ ఇంటికొస్తాడు.

చివరి అంగీ మడిచి దొంతర మీద పెట్టి, పళ్లెంలో కాఫీ పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది ఆమె. మామూలుగా అయితే ఈపాటికి పెద్దావిడ చెప్పులు కూడా వేసుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడేది. ఇవాళ ఇంట్లో కట్టుకునే పాత బట్టల్లోనే మంచం అంచున కూర్చుని ఉంది.

"అదేంటత్తయ్యా, ఇంకా తయారవలేదా?"

"సాయంత్రం కదమ్మా ఆరాధన? అబ్బాయి పొద్దున్నే చెప్పి వెళ్లాడు. ఈ పూట పిలిచినవాళ్లకి మాత్రమేనట. మనం సాయంత్రం వెళ్లాలట."

సాయంత్రం ఏ ఆరాధనా లేదు.

ఆయన ఆ మాట ఎందుకు చెప్పాడో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దావిడ ఎప్పుడూ మొదటి వరసలో కూర్చుంటుంది. గొంతెత్తి పాడుతుంది. కానీ కొంతకాలంగా అందరికంటే ఒక్క మాట వెనకబడుతోంది. మందిరమంతా చరణం ముగించి ఆగాక, ఆ ముసలి గొంతు ఒక్కటే మిగిలిపోయి చివరి మాటని ఈడ్చుకుంటూ వస్తుంది. బృందంలో కుర్రకారు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకుంటారు. "అమ్మా, అందరితోపాటు పాడమ్మా," అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా "అలాగే నాన్నా" అంటుంది. మళ్లీ వారం మళ్లీ అదే.

కోడలు కప్పు చేతికిచ్చి గిరుక్కున తిరిగింది. కోపంతో కళ్లు కనబడలేదు. ఖాళీ స్టీలు పళ్లెం చేయి జారి గచ్చు మీద పడింది. ఇల్లంతా దద్దరిల్లింది. హాల్లోంచి కూతురు కెవ్వుమంది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది.

పెద్దావిడ మాత్రం కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కాఫీ ఊదుకుంటోంది.

"అత్తయ్యా," అని పిలిచింది కోడలు వెనక నుంచి. పలుకు లేదు. "అత్తయ్యా!" ఈసారి అరిచింది. కాఫీ మీద ఆవిరి కదిలింది తప్ప ఆవిడ కదల్లేదు.

కోడలు చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడింది. పెద్దావిడ ఆమె మొహం చూసి, కింద పడున్న పళ్లెం చూసి, దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా తలదించుకుంది.

"మొత్తం పోయాయా?" అని అడిగింది కోడలు, చెవులు చూపించి.

"చాన్నాళ్లయిందమ్మా. కొంచెం కొంచెంగా పోయి, ఇప్పుడు అసలేం లేదు."

"మరి పాటలెలా పాడుతున్నారు?"

"వాడి నోరు చూసి. వాడి పెదాల మీద మాట కనబడితే, అప్పుడు నేను అంటాను. అందుకే ఒక్క మాట వెనకబడతాను కాబోలు. వెనకబడుతున్నానని కూడా వాడు చెబితేనే తెలిసింది." కప్పు పక్కన పెట్టింది. "వాడితో అనకమ్మా. చెవిటిదాన్ని ఎవరు ముందు కూర్చోనిస్తారు?"

కోడలికి కోపం వచ్చింది. ముందు మొగుడి మీద. తర్వాత తన మీదే. వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదని తను కూడా ఈవిణ్ణి 'మొండిఘటం' అనుకుంది. ఒకే ఇంట్లో తిరుగుతూ, రోజూ తన చేత్తో వడ్డిస్తూ, కనిపెట్టలేకపోయింది.

"లేవండత్తయ్యా. మంచి బట్టలు కట్టుకోండి," అంది.

పెద్దావిడ తయారై హాల్లోకి వచ్చేసరికి ఇంటాయన కూడా హడావిడిగా లోపలికొచ్చాడు. "అంగీలు అయ్యాయా? ఇవ్వు, ఇవ్వు. అవతల..." తల్లిని చూసి మాట మింగేశాడు. ఆవిడ ఒక అంగీ అందుకుని కుర్చీలో కూర్చుని తల వంచుకుంది.

"ఇవ్వను," అంది భార్య. అంగీల దొంతరకి అడ్డంగా నిలబడింది.

"వేళాకోళానికి వేళాపాళా ఉండాలి. జరుగు."

"సాయంత్రం ఆరాధన ఎన్నింటికండీ?"

ఆయన కూతురి వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడా గొడవ ఎందుకు? అమ్మ మనసు నొచ్చుకోకుండా చిన్న సర్దుబాటు చేశాను."

"సర్దుబాటు కాదు, అబద్ధం. సత్యం, సత్యం అని ఊళ్లోవాళ్లందరి చేతా చేతులెత్తించి పాడిస్తారు. గడప దాటకముందే కన్నతల్లికి అబద్ధం చెప్పారు. ఏ నోటితో పాడతారు?"

"నీకర్థం కాదు. మచ్చ ఉన్నదాన్ని దేవుడికి అర్పించకూడదు. ఉన్నదాంట్లో శ్రేష్ఠమైనదే ఇవ్వాలి. ఎన్నాళ్లు కష్టపడ్డాను ఈ పాట కోసం!"

"ఆ మచ్చ అత్తయ్య గొంతులో ఉందా, మీ నాలుక మీద ఉందా?"

"మాటలు జాగ్రత్త!" ఆయన గొంతు లేచింది. "ఇది ఆరాధన. నీ కుట్టుమిషను పని కాదు, వంకరగా కుట్టి మళ్లీ విప్పుకోడానికి!"

"అవును, నేను విప్పుతాను. వంకరపోయిందని తెలిస్తే రాత్రంతా కూర్చుని కుట్టినదంతా విప్పుతాను. మీకు ఆ పని చేతకాదు. వంకర కుట్టు మీద ఇస్త్రీ చేసి దేవుడి ముందు పెడతారు."

"అమ్మా, చాలమ్మా," అంది కూతురు.

"నువ్వాగు. దేవుడికి ఇచ్చేశామని వంక పెట్టి అమ్మానాన్నలకి చెయ్యాల్సింది ఎగ్గొట్టినవాళ్లని యేసు ఏమని పిలిచాడో, మొన్నే కదా మీ నాన్న పిల్లలకి పాఠం చెప్పాడు? వంటింట్లోకి వినబడింది నాకు."

"నన్ను వేషధారి అంటున్నావా?"

"నేను అనలేదు. ఆ మాట మీకే గుర్తొచ్చింది."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "అసలు అమ్మ సంగతి నీకేం తెలుసు? కావాలనే లాగుతుంది! చెప్పినప్పుడల్లా 'అలాగే నాన్నా' అంటుంది, మళ్లీ మామూలే. వట్టి మొండితనం!"

"అలాగా? అయితే అటు తిరగండి. కిటికీ వైపు. ఆ మాటే గట్టిగా ఆవిడతో చెప్పండి. మొండితనమైతే ఇవాళ వదిలిపోతుంది."

"చెప్పలేననుకున్నావా?" ఆయన విసురుగా కిటికీ వైపు తిరిగాడు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, ఒళ్లు తెలియని కోపంతో అరిచాడు. "అమ్మా! నీవల్ల నలుగురిలో నా పరువు పోతోంది! నువ్వు మందిరానికి రాకుండా ఉంటే నాకు ప్రాణానికి హాయిగా ఉంటుంది!"

వీధిలో సైకిల్ తుడుచుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

అంత మాట అనాలని ఆయన అనుకోలేదు. అన్నాక వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. తల్లి ఏడుపు వినబడుతుందేమోనని మెడ బిగించి నిలబడ్డాడు. ఏమీ వినబడలేదు. గడియారాల చప్పుడు తప్ప.

మెల్లిగా తిరిగాడు. తల్లి ఒక అంగీ ఒళ్లో పెట్టుకుని, మెడ దగ్గర మిగిలిన దారం ముక్కని గోటితో లాగుతోంది. పెదాలు ఏదో పాటకి కదులుతున్నాయి. తలెత్తి మనవరాలి మొహం చూసి కంగారుపడింది.

"ఏమ్మా, ఏమైంది? ఎందుకేడుస్తున్నావ్? నాన్న కోప్పడ్డాడా?"

ఆయన భార్య వైపు చూశాడు.

"ఒక్క ముక్క వినబడదు," అంది ఆమె. ఆమె గొంతులో జాలి లేదు. "పాటంతా మీ నోరు చూసి పాడుతుంది. మొదటి వరస అందుకు. ఒక్క మాట వెనకబడటం కూడా అందుకే."

ఆయన వచ్చి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ కోడలి వైపు నిష్ఠూరంగా చూసి, మళ్లీ కొడుకు వైపు తిరిగింది. "చెబితే వెనక ఎక్కడో కూర్చోబెడతారు. అక్కణ్ణుంచి నీ నోరు కనబడదు. నీ నోరు కనబడకపోతే నాకు పాట లేదురా. నీ చిన్నప్పుడు ఈ పాటలన్నీ నా నోరు చూసే కదా నేర్చుకున్నావ్? అది ఇప్పుడు తిరగబడింది, అంతే." కొడుకు చొక్కా కాలరు సరిచేసింది. "సాయంత్రం ఆరాధన లేదని నాకు తెలుసులే."

"తెలుసా?"

"అబద్ధం చెప్పేటప్పుడు నీ కింది పెదవి అదురుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే."

"మరి ఎందుకు ఊరుకున్నావ్?"

"నీ పాట బాగుండాలని నాకు మాత్రం ఉండదా? దేవుడికి ఎక్కడ పాడినా ఒకటే కదా, ఇక్కడే పాడుకుందామనుకున్నాను. మొదటి చరణం వచ్చింది. రెండోది ఎంతకీ రాలేదు." నవ్వబోయింది. "మతిమరుపు ముండాదాన్ని. ఎదురుగా నువ్వు లేవుగా."

ఆయన తల్లి మోకాళ్ల మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏవేవో అంటున్నాడు. అవన్నీ ఆవిడ ఒడిలోని తెల్లబట్టలోకి ఇంకిపోయాయి.

"తలెత్తురా," అంది ఆవిడ, జుట్టు పట్టుకుని మెల్లిగా లేపుతూ. "నువ్వు మొహం దాచుకుంటే నాకేం వినబడదు."

ఎత్తక తప్పలేదు. తడిసిన మొహం తల్లికి కనబడేలా పెట్టి, క్షమించమని అడగబోయాడు. పెదాలు మాత్రమే కదిలాయి. ఆవిడకి అదే చాలు.

మూడు గడియారాలూ ఒక్కసారిగా గంట కొట్టాయి. ఆయన వాటి వైపు చూడలేదు.

"ఆలస్యమైంది నాన్నా," అంది కూతురు.

"కానీలే," అన్నాడు.

మందిరం కిక్కిరిసి ఉంది. వాళ్లు లోపలికి వచ్చేసరికి పాస్టరుగారు గుమ్మం వైపే చూస్తున్నారు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. భార్యా కూతురూ అంగీలు బృందానికి అందించారు. ఇంటాయన ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించి మొదటి వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. వేదిక ఎక్కి, తన మొహానికి అడ్డం వస్తున్న మైకుని పక్కకి జరిపాడు. మైకులు చూసే కుర్రాడు వద్దన్నట్టు చేతులు ఊపాడు. ఆయన చూడనట్టే ఉండిపోయాడు.

మొదటి చరణం పాడి, ఆగాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. వెనక బృందం అలవాటు కొద్దీ రెండో చరణంలోకి దూకి, తడబడి, ఒకరి మీద ఒకరు పడ్డట్టు ఆగిపోయింది. డప్పు ఒక్కటే అనవసరంగా మోగి సిగ్గుపడి ఊరుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కళ్లు తల్లి నోటి మీదే ఉన్నాయి. ఆవిడ చివరి మాట ముగించాకే రెండో చరణం అందుకున్నాడు.

మళ్లీ ఆగాడు. మళ్లీ అందుకున్నాడు. మూడో చరణానికి బృందానికి అర్థమైంది. ఆ తర్వాత మందిరానికి కూడా. ఇక ఎవరూ నవ్వలేదు.

భార్య వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె కోపం ఇంకా పోలేదు. అది అంత తొందరగా పోయేది కాదు. ఇంటికెళ్లాక కిటికీ దగ్గర అరిచిన మాటల సంగతి ఇంకా తేలాలి. వాటిని అత్తయ్యకి ఎదురుగా కూర్చుని ఆయనే చెప్పాలి, పెదవులు కనబడేలా. అది చేశాక అప్పుడు చూద్దాం. అలా అనుకుంటూనే, తనకి తెలియకుండానే అందరితోపాటు ఆమె కూడా ఆగుతోంది, అందరితోపాటు అందుకుంటోంది.

పాట చివరికొచ్చింది. అందరూ ఆపేశారు. నిశ్శబ్దంలో ఆ ముసలి గొంతు ఒక్కటే, తను ఒంటరిగా ఉన్నానని తెలియకుండా, చివరి మాటని నిండుగా పాడింది.

అది పూర్తయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు.