ఒళ్ళు లేని అంగీ

"ఈ అంగీ లోపల మనిషేడండీ?"

సండే స్కూల్ టీచరు బొమ్మను బల్లమీద పెట్టి అడిగిన మొదటి మాట అది. పిల్లల పాఠాల పుస్తకానికి బొమ్మలు వేస్తున్న ఆర్టిస్టు బ్రష్షు కడుగుతూ తలెత్తాడు. బొమ్మలు తీసుకెళ్ళడానికి ఎవరో వస్తారనుకున్నాడు గానీ, తీర్పు చెప్పడానికి వస్తారనుకోలేదు.

"సమాధిలోంచి లేచిన యేసుప్రభువండీ. వెలుగు కనబడటం లేదా?"

"వెలుగుకేం, బోలెడుంది. శిష్యులందరికీ కాళ్ళూ చేతులూ ఉన్నాయి. ఈయన మాత్రం తాడుమీద ఆరేసిన చొక్కాలా ఉన్నాడు."

నిజానికి ఆమె పట్టేసింది. అతను ఏ మనిషిని వేసినా ముందు పెన్సిలుతో ఒళ్ళు గీసి, ఆ తర్వాతే బట్టలు తొడుగుతాడు. ఈ ఒక్క బొమ్మకే ఒళ్ళు గీయలేదు. యేసు ఆత్మగా లేచాడని, శిష్యుల గుండెల్లో లేచాడని అతని నమ్మకం. చచ్చిన ఒళ్ళు లేచి నడవడమంటే ఎంత ఆలోచించినా మింగుడుపడేది కాదు.

"లేచాక ఇంక ఒళ్ళెందుకండీ?"

"చేప తినడానికి. లేచాక శిష్యుల ముందే తిన్నాడుగా. మీ అంగీ ఎలా తింటుంది?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని దగ్గాడు. "తలుపులు మూసుంటే లోపలికొచ్చాడు కూడా. ఒళ్ళుంటే ఎలా వచ్చాడు?"

"నన్నడిగితే? వచ్చినాయన్ని అడగండి. బొమ్మ మాత్రం మార్చండి."

బొమ్మ మూడుసార్లు మారింది. మొదటిసారి చేతులొచ్చాయి, పొగలా ఉన్నాయంది. రెండోసారి వేళ్ళొచ్చాయి, గోళ్ళేవంది. మూడోసారి గోళ్ళ సంగతి ఇద్దరూ మర్చిపోయి, వాన తగ్గేదాకా కిటికీ దగ్గర టీ తాగుతూ కూర్చున్నారు. వాన ఎప్పుడో తగ్గిపోయింది. ఆ మాట ఇద్దరిలో ఒక్కరూ పైకి అనలేదు.

"మా నాన్నతో మాట్లాడండి," అంది చివరికి ఆమె, కప్పులోకి చూస్తూ. "చిక్కేంటంటే ఆయన పాస్టరు. సంబంధం అంటూ ఎవరొచ్చినా ముందు ప్రభువు ఒళ్ళు సంగతే అడుగుతారు. నమ్మనంటే సంబంధం కుదరదంటారు."

"అవుననేస్తే సరిపోదా?"

"మీరు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. నాన్న కనిపెట్టకపోయినా నేను కనిపెడతాను."

ఆదివారం సాయంత్రం పాస్టరుగారు కుర్చీ చూపించి, కుశలప్రశ్నలు కూడా లేకుండా అసలు సంగతిలోకి దిగారు. "ప్రభువు శరీరంతో లేచాడని నమ్ముతావా బాబూ?"

అవునంటే పిల్ల దక్కుతుంది. కాదంటే ఈ గడప మళ్ళీ తొక్కే పనుండదు. గుమ్మం దగ్గర ఆమె అతని చెవులకేసే చూస్తూ నిలబడింది.

"లేదండీ," అన్నాడు. "ఇంకా నమ్మకం కుదరలేదు."

పాస్టరుగారి మొహం వాడిపోయింది.

"కానీ నిజమైతే బాగుండునని ఉందండీ. ఇంతకుముందు మనిషి పోయాక ఆత్మ మిగిలితే చాలనుకునేవాణ్ణి. ఇప్పుడు చాలదు. మీ అమ్మాయి ఆత్మ ఎక్కడో క్షేమంగా ఉందని చెబితే నాకు సరిపోదు. ఆ నవ్వూ, ఆ దబదబ నడకా, వాదించేటప్పుడు ఆడించే ఆ వేలూ, అన్నీ మళ్ళీ కళ్ళారా చూడాలి."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ముప్పై ఏళ్ళుగా దీనిమీద ప్రసంగాలు చేస్తున్నాను. ఈ మాట నాకు తట్టనే లేదు." తర్వాత కూతురి వైపు తిరిగారు. "నేను వాదనలో ఓడలేదు గానీ, కాదనడానికి నాకు నోరు రావడం లేదమ్మా. ఈయనతో వేగగలవా?"

ఆమె వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

"నమ్మేదాకా రోజూ పోట్లాడతాను నాన్నా."

"నమ్మేశాక?" అడిగాడు ఆర్టిస్టు.

"ఇంకోటి చూసుకుందాం. కాపురం అన్నాక పోట్లాటలకేం కరువు?"

అందరికంటే ముందు నవ్వింది పాస్టరుగారే.