మూడు వేల శిలువల పొలం

చిన్న కథే. గ్లాసులో ఆపిల్ సారా అయిపోయేలోపు ముగిస్తాను. కానీ ముందు ఆంతీమ్ సంగతి చెప్పాలి.

ఆంతీమ్‌కి యాభై దాటాయి. పెళ్లి వద్దనుకున్నానని ఆయనంటాడు. ఎవరూ ఒప్పుకోలేదని ఊరంటుంది. ఎంత పిసినారంటే, నీడ పక్కవాడి చేలో పడుతుందని చెట్టు కొట్టించాడు. నోరు మాత్రం ఆగదు. ఒక్క నలభై నాలుగు నాటి యుద్ధపు వేసవి గురించి తప్ప... ఆ మాటెత్తితే టోపీ తీసుకుని లేచిపోతాడు.

సరే, దెయ్యం దగ్గరికొద్దాం.

ఆ జూన్‌లో సముద్రం నిండా ఓడలొచ్చాయి కదా. రెండ్రోజులకే అమెరికా సైన్యం ఆంతీమ్ పొలం తీసుకుని, చచ్చిపోయిన కుర్రాళ్లను అక్కడ పూడ్చింది. మూడు వేల చెక్క శిలువలు. ఊళ్లో ఆడవాళ్లం తలా ఒక సమాధి చూసుకున్నాం. పూలు పెట్టాం, వాళ్ల తల్లులకు ఉత్తరాలు రాశాం. నాలుగేళ్లకు మళ్లీ ఆ సైన్యమే వచ్చి, అందరినీ తవ్వి తీసుకెళ్లింది. కొందరిని ఒడ్డున ఉన్న పెద్ద శ్మశానానికి, కొందరిని అమెరికాలో కన్నవాళ్ల దగ్గరికి.

పొలం ఖాళీ అయింది. అప్పుడు మొదలైంది... దీపం.

చీకటి పడ్డాక, పొలం మధ్యలో, నేలకు జానెడెత్తున. దాని పక్కనే ఓ గొణుగుడు. మన మాటలు కావు. అమెరికా మాటలేనని రొట్టెల గస్టావ్ తేల్చాడు. వాడికొచ్చిన అమెరికా మాటలు రెండు. రెండూ చాక్లెట్ అడగడానికే.

ఎవణ్ణో ఒకణ్ణి మరిచిపోయి వెళ్లారంది ఊరు. ఇక దున్నడానికి కూలీ దొరకలేదు. రెండేళ్లు కలుపే పండింది. మూడో ఏడూ విత్తకపోతే ఆంతీమ్ ఆ పొలం అమ్ముకోవాల్సిందే.

"మామా, ఏం కావాలో నువ్వే అడిగి రారాదూ," అన్నాడు గస్టావ్.

ఆంతీమ్ టోపీ తీసుకుని లేచాడు.

అక్టోబరు చివర. మంచు. చేతిలో పార. కంచె దాటేసరికి... దీపం కనబడింది. పక్కన నల్లగా, వంగిన ఆకారం. గొణుగుడు — ఆగుతూ, మళ్లీ మొదలవుతూ.

పార జారిపోయింది. గుసగుసగా అడిగాడు.

"నువ్వు... ఏ వరసవాడివి, బాబూ?"

గొణుగుడు ఆగింది.

"నేనే, ఆంతీమ్. అరవకు."

ఒనొరీన్. బట్టలు కుట్టే ఒనొరీన్, భర్త లేడు. చేతిలో పాత ఉత్తరం.

"నువ్వా వదినా... ఏం చేస్తున్నావిక్కడ?"

"చదువుతున్నా. నేను పూలు పెట్టిన కుర్రాడి తల్లి రాసింది, మా అబ్బాయి ఇల్లు చేరాడని. ఎలా పలకాలో బడి పంతులుగారు నేర్పారు."

"చేరాడుగా మరి. ఇక్కడెవరున్నారు?"

"నా కొడుకు లూసియన్ కాన్ పట్టణంలో బాంబుల కింద పోయాడు. ఏ రాళ్ల కిందున్నాడో తెలీదు. నాకు తెలిసిన గొయ్యి ఇదొక్కటే."

"పగలు రావచ్చుగా."

"పగలొస్తే, ఇక్కడెవరూ లేరని నీలాంటివాడు ఎవడో చెప్తాడు."

ఆంతీమ్ కంచె నుంచి దీపం దాకా దూరం కళ్లతో కొలిచాడు.

"ఇది కాదు వదినా."

"ఏది?"

"చోటు. ఏడో వరస, పదకొండోది కదా? రోడ్డు వెడల్పు చేసినప్పుడు కంచె లోపలికి జరిపారు. నువ్వు కొత్త కంచె నుంచి లెక్కపెట్టావు. నీవాడు తొమ్మిది అడుగులు అటు."

"నీకెలా తెలుసు?"

"తవ్వింది నేను. పొడుగు పిల్లాడు. గొయ్యి ఇంకొంచెం పెంచాల్సొచ్చింది."

ఆమె ఉత్తరం మడిచింది.

"అయితే రెండేళ్లూ ఎవరికి చదివాను?"

"ఇక్కడున్నవాడూ ఎవరో పిల్లాడే. వాడికెవరూ రాయలేదేమో."

దీపం ఆయనే పట్టుకున్నాడు. తొమ్మిది అడుగులు నడిచారు.

ఇదంతా ఒనొరీన్ ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పింది. మీతో కలిపి నలభై మందికి మించి చెప్పలేదు.

వసంతంలో ఆంతీమే గుర్రం కట్టి దున్ని, బార్లీ చల్లాడు. చెట్టు నీడ కూడా ఇవ్వని మనిషి, మధ్యలో మంచమంత జాగా రెండు చోట్ల వదిలేశాడు.

పక్క ఊరివాళ్లు మాత్రం ఇప్పుడక్కడ రెండు దెయ్యాలంటున్నారు. ఒకటి ఉత్తరం చదువుతుంది. రెండోది శిలువల మీది పేర్లు, గుర్తున్నవి, వరసగా చెబుతుంది.

ఇంకా రెండో వరసలోనే ఉంది.