గుండీల కొట్టు భాష

ఆ ఉదయం వియ్యపురాలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి గుండీల షావుకారు చేతిలో ఉన్న సరుకల్లా కోడలి భాషలో గుప్పెడు మాటలు. సూది, దారం, రంగు, గట్టి, చవక. అన్నీ కొట్టులో పనికొచ్చేవే.

కొడుకు పరాయి దేశపు పిల్లను చేసుకొచ్చాడు. అతను ఆఫీసుకు వెళ్తే ఆ పిల్ల కిటికీ పట్టుకుని కూర్చునేది. చూడలేక షావుకారు ఆమె భాషలో కుశలప్రశ్నలు నాలుగు బట్టీ పట్టాడు. పొద్దున పట్టినవి మధ్యాహ్నానికి ఆవిరి.

"పళ్ళొచ్చేటప్పుడు నేర్చుకోవాల్సినవి పళ్ళూడేటప్పుడు మొదలెడితే జారిపోవూ?" అని భార్య నవ్వింది.

కదలని సరుకుకు బూజు పడుతుందని ఎరిగినవాడు షావుకారు. ఒకరోజు కోడలు కొట్టుకు భోజనం తెస్తే, చేతిలో ఉన్న దారపుండ చూపించాడు. ఆమె పేరు చెప్పింది. ఆ పూట దారం అందించిన ప్రతిసారీ ఆ మాట పైకి అన్నాడు. మర్నాటికి కూడా అది నాలుక మీదే ఉంది! అప్పట్నుంచి కోడలు భోజనం తెచ్చి వెంటనే వెళ్ళిపోకుండా, గుండీలు ఏరుతూ అక్కడే కూర్చునేది. ఇద్దరూ మాటకు మాట మార్చుకునేవారు.

ఆ ఉదయం వియ్యపురాలు లోపలికి వస్తుంటే, "నాన్నా, నీకు దండం పెడతా. ఆవిడ ముందు నీ కొట్టు భాష తీయకు," అన్నాడు కొడుకు మెల్లిగా.

"మరి నన్నేం చెయ్యమంటావురా?"

"నవ్వు. చాలు."

ఇచ్చిన మంచినీళ్ళు వియ్యపురాలు ముట్టలేదు. చేతిసంచి ఒళ్ళోంచి దించలేదు. గడగడా ఏదో అంది. కొడుకు తల దించుకుని చెప్పాడు.

"అమ్మాయిని తీసుకెళ్ళిపోతుందట. నేను ఆఫీసుకెళ్తే ఈ ఇంట్లో అమ్మాయితో పలికే దిక్కే లేదట. మామయ్య మాట్లాడతారని మీ కోడలు చెబుతున్నా, అదంతా తనను ఊరడించడానికేనట. నేను మొగుణ్ణి కాబట్టి నా మాటా నమ్మదట."

షావుకారు లేచాడు.

"నాన్నా, వద్దు!"

"నువ్వుండరా. ఈ బేరం నాది."

వియ్యపురాలి ఎదుట నిలబడి, ఆవిడ భాషలో ఒక్కో మాటా పేర్చాడు. "నీ పిల్ల... మంచి దారం. గట్టి. రంగు పోదు. చవక కాదు."

ఆవిడ నోరు తెరిచింది. కొడుకు మొహం కప్పుకున్నాడు. షావుకారు ఇంకా వెతుక్కున్నాడు. 'మా మనిషి' అనడానికి కొట్టులో మాట లేదు. ఉన్నదాంట్లోంచే తీశాడు.

"వాపసు లేదు."

 వియ్యపురాలు పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "ఎవరు నేర్పారు?" అని కూతుర్ని అడిగింది. కూతురు ఏడుస్తూ తన గుండె మీద చెయ్యేసుకుంది. ఆపైన మొగుడి వైపు తిరిగి, చక్కని తెలుగులో అంది:

"నువ్వు నవ్వు. చాలు."

"ఓసి నీ తెలివి తగలెయ్యా! ఇది ఎప్పుడు నేర్చావే?" అంటూ అత్తగారు కోడల్ని కావలించుకుంది.

వియ్యపురాలు సంచి కింద పెట్టి, నీళ్ళు గటగటా తాగి, కొట్టు చూపించమంది. కౌంటరు ముందు నిలబడి షావుకారు ఈసారి గుండీని గాని, సూదిని గాని చూపలేదు. కోడలిని చూపించి, మీ భాషలో ఏమంటారని కళ్ళతో అడిగాడు.

ఆవిడ కూతురి భుజం మీద చెయ్యేసి మాట చెప్పింది. షావుకారు తప్పుగా పలికితే దిద్ది, మళ్ళీ పలికించింది.

ఆ పూట రాబడి ఆ ఒక్క మాటే: కూతురు. రోజూ వాడుకలో ఉండే సరుకు, మరిచిపోతానన్న బెంగ లేదు.