సున్నా గంటలు, పుత్తూరు

చీఫ్ బాలసుబ్రమణ్యం చెప్పింది రెండే ముక్కలు. మైక్రోఫిల్మ్ దేశం దాటకూడదు. పంకజాక్షి చావకూడదు.

పంకజాక్షి డబుల్ ఏజెంట్. అందగత్తె. చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్. ఆ కంపెనీ ఒక విదేశీ ముఠాకు ముసుగు. వాళ్ల డేటాబేసులోంచి రెండు లైన్లు ప్రింటు తీసింది. చెయ్యి విరిగినట్టు నటించి, పుత్తూరు కట్టులో దాచి తెచ్చి చీఫ్‌కు చేర్చింది. పుత్తూరులోనే ఒక లాడ్జిలో దాక్కుంది.

బుధవారం 00:00. పుత్తూరు. పంకజాక్షి.

బుధవారం 00:10. తడ. లారీ.

మొదటిది ఆమె చావు. రెండోది సరిహద్దు దాటి ఓడరేవుకు పోయే రాకెట్ డ్రాయింగుల మైక్రోఫిల్మ్.

అర్ధరాత్రి దాటింది. పుత్తూరుకు ఎవరూ రాలేదు. తడ చెక్‌పోస్టుకు లారీ రాలేదు. నాలుగింటికి వైర్‌లెస్‌లో చీఫ్ అన్నాడు: "లిస్టు బోగస్. లాడ్జి దగ్గర గార్డును తీసేస్తున్నా."

ఏజెంట్ సంపత్కుమార్ పుచ్చకాయల వ్యాపారి వేషం విప్పలేదు. చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతోంది.

"ఏం సామీ, అట్ల కూసుండావు?" జీపు డ్రైవరు మునిరామయ్య అడిగాడు.

"బుధవారమన్నారు. రాలేదు."

"బుధవారం యాడొచ్చింది సామీ? పొద్దు పొడిస్తే గదా. పంచాంగం సూడు, ఇంకా మంగళవారమే."

"కంప్యూటరు పంచాంగం చూడదయ్యా."

"దాని పంచాంగం దానికుండదా?"

సంపత్కుమార్ జేబులోంచి ప్రింటు తీసి చూశాడు. పైన మూడక్షరాలు. జి.ఎం.టి. అందరూ కంపెనీ పేరనుకున్నారు. కాదు. గ్రీనిచ్ టైము. డేటాబేసులో టైము సెట్టింగు మన దేశానికి ఎవరూ మార్చలేదు. దాని సున్నా గంటలు, మన ఉదయం ఐదున్నర.

వాచీలో ఐదు ఇరవై ఆరు. పుత్తూరు గంటన్నర దారి.

చెక్‌పోస్టు ఫోన్‌లో, క్షణాల్లో కలిపే లైట్నింగ్ కాల్. లాడ్జిలో రిసీవరు ఎత్తింది ఆమే.

"పండు ఏ రకం?"

"బేనీషా." క్షేమమని అర్థం. "కట్టు విప్పేదెప్పుడు సారూ? దురదకు సస్తా ఉండా."

"పరుగెత్తు. వెనక తలుపు."

"యాడికి? మీ గార్డు పోయినాడు గదా, అంతా అయిపాయనుకుంటి. ఈడ ఇంకొకాయన ఉండాడు. కాలికి కట్టు. ఇందాకట్నుంచీ వాచీ సూసుకుంటా..."

ఆగింది. గొంతు తగ్గింది.

"తోతాపురి."

ప్రమాదమని అర్థం.

ఐదున్నర. తుపాకి చప్పుడు. తర్వాత రిసీవరు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు. అతను అది ఆగేదాకా విన్నాడు.

లారీ ఐదు నలభైకి వచ్చింది. నిమిషం తేడా లేదు. గేటు లేచింది. సంపత్కుమార్ జీపును అడ్డంగా తోశాడు. లారీ ముందు చక్రాలు తమిళనాడులో, వెనక చక్రాలు మన వైపు ఆగిపోయాయి. పదిహేడో గుజ్జు డబ్బాలో మైక్రోఫిల్మ్ దొరికింది.

జరిగిందంతా వైర్‌లెస్‌లో చెప్పాడు. అది గరగరలాడింది.

"శభాష్!" చీఫ్ అన్నాడు. "రిపోర్టు రాయాలి. పంకజాక్షి పోయింది ఏ వారం? ఎన్ని గంటలకు?"

సంపత్కుమార్ వైర్‌లెస్ కట్టేశాడు. చెక్‌పోస్టు రేకుల మీద ఎండ పడింది. మునిరామయ్య తూర్పుకు దండం పెట్టుకున్నాడు.

"ఇదో సామీ," అన్నాడు, "ఇప్పుడొచ్చె బుధవారం."