కొత్త ఆయిల్, పాత కుళ్ళు

"శాస్త్రవేత్తని ఎయిర్‌పోర్ట్‌కి చేర్చాలి. దారిలో ఆయన్ని లేపేయాలని విదేశీ ముఠా ప్లాన్" అన్నాడు బాస్. "నల్ల కారులో ఆయన్ని తీసుకెళ్ళేది డేగ. ముఠాలో మన మనిషి ముత్యం తన కారులో వెనకాలే వస్తుంది."

"మరి నేను, సార్?" అన్నాడు తాబేలు.

"నల్ల కారుకి ఆయిల్ మార్చు."

తాబేలు ఒళ్ళు భగ్గుమంది. కోడ్‌నేములు కంప్యూటరే ఇస్తుందంటాడు బాస్. ఇస్తుంది, పాపం! వాడికి డేగ, వీడికి తాబేలు! డేగకి కెమెరా ఉన్న లైటర్, రేడియో దాచిన వాచీ. తాబేలుకి ఒక స్పానర్. అందులో ఏం దాచారో అని వారం రోజులు విప్పి చూశాడు. అది స్పానరే.

పరాయివాడైతే ఎలాగో దిగమింగుకునేవాడు. డేగ స్వయానా బావమరిది. ఇంటికెళితే భార్య "మా తమ్ముడు" అని మొదలుపెడుతుంది, అన్నం దగ్గర కూడా ఆపదు.

ఆ గ్యారేజీ వీళ్ళ సీక్రెట్ స్టేషన్. మెకానిక్ వేషంలో తాబేలు ఆరేళ్ళుగా నిజంగానే కార్లు బాగుచేస్తున్నాడు. నల్ల కారు కిందికి దూరి డ్రెయిన్ ప్లగ్ విప్పాడు. నల్లటి ఆయిల్ ట్రేలోకి దూకుతోంది. చూడాల్సింది దాన్ని. వీడి చూపు మాత్రం బయట నిలబడ్డ నాలుగు కాళ్ళ మీదే ఉంది. పాలిష్ చేసిన బూట్లు రెండు, ఎర్ర హైహీల్స్ రెండు.

"ఈ టై నీకెంత బావుందో!" అంది ముత్యం.

నా ఓవరాల్ బావుందని ఒక్కరూ అనరు కదా, అనుకున్నాడు తాబేలు, పళ్ళు నూరుతూ. ప్లగ్ బిగించాడు, కొత్త ఆయిల్ పోశాడు. ట్రే వంక చూస్తే ఒట్టు.

శాస్త్రవేత్త వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ముత్యం ముందు చక్రం పక్కన వంగి చెప్పు పట్టీ సర్దుకుంది. పడిపోకుండా డేగ ఆమె భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి అక్కణ్ణుంచి ఎప్పుడు తీస్తాడా అని తాబేలు గుడ్లప్పగించి చూశాడు.

"వస్తా బావా! అక్కకి చెప్పు, రాత్రి భోజనానికి వస్తున్నానని." కారు వెళ్ళిపోయింది.

"ఐదు నిమిషాలాగి నేనూ బయల్దేరతా" అంటూ ముత్యం కార్లని పైకెత్తే లిఫ్ట్ మీదున్న తన కారెక్కి, అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ దిద్దుకోసాగింది.

అప్పుడు చూశాడు ట్రేలోకి.

ఆయిల్లో ఏదో తళుక్కుమంది. వేళ్ళతో తీశాడు. ఇంజన్ అరిగితే పొడి రాలుతుంది. ఇవి పెన్సిల్ చెక్కినట్టు చుట్టలు చుట్టుకున్న అల్యూమినియం తునకలు. ఎవరో ఇంజన్ అడుగున ఆయిల్ పాన్‌కి డ్రిల్ వేశారన్నమాట! వాటి మధ్య రెండు రేకులు అతికించిన చిన్న ముక్క. ఇస్త్రీపెట్టెలో వేడెక్కితే వంగే పట్టీ లాంటిది.

ఆయిల్ పూర్తిగా కాగగానే పేలే బాంబు! నిన్న షాపింగని నల్ల కారు తీసుకెళ్ళింది ముత్యమే. ఇందాక వంగినప్పుడు ఒక చెయ్యి చెప్పు మీదుంది, రెండోది కారు కింద, బాంబుని ఆన్ చేస్తూ. తను చూసింది మూడో చేతిని, బావమరిది చేతిని!

తలెత్తాడు. ముత్యం అద్దంలోంచి అతన్నే చూస్తోంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

తాబేలు లిఫ్ట్ బటన్ నొక్కాడు. కారు ముత్యంతో సహా పైకి లేవగానే దాని కిందికి ఉరికాడు. రెండు తూటాలు గోడకి తగిలాయి. "దించరా, దరిద్రుడా!" అని ఆకాశంలోంచి కేకలు.

గ్రీజు డబ్బాలో దాచిన రేడియో అందుకున్నాడు. "డేగా! వాన పడేలా ఉంది!" అంటే మిషన్ ఆపెయ్, కారు దిగెయ్ అని.

"మళ్ళీనా బావా?" డేగ నవ్వాడు. "ఈ నెల్లో ఇది మూడో వాన. మొన్న ముత్యంతో డిన్నర్‌కెళ్తే వాన. అంతకుముందు డాన్స్‌కెళ్తే వాన. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం మానవా ఇక?"

నిజమే. ఆ రెండుసార్లూ కుళ్ళుతోనే ఆ కోడ్ వాడాడు. ఇప్పుడు నిజం చెబుతుంటే నమ్మే నాథుడు లేడు.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, 'పోతే పోనీ' అనిపించింది. వెంటనే తన మీద తనకే అసహ్యమేసింది. డేగకి క్లచ్ తొక్కడం నేర్పింది తనే. గేరు పడ్డ ప్రతిసారీ "బావా, పడింది!" అని ఎగిరేవాడు వెధవ.

"బాంబురా! ఆయిల్ పాన్‌లో!"

"రేడియో ఆపేస్తున్నా బావా."

"ఆగు!" తాబేలు కళ్ళు మూసుకున్నాడు. చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టాడు. "ఒరేయ్... నువ్వు నాకంటే అందగాడివి."

అవతల ఇంజన్ హోరు తగ్గింది.

"నాకంటే తెలివైనవాడివి. ఈ పని నీకివ్వడమే కరెక్ట్. మీ అక్క నిన్ను పొగిడిందంతా నిజం. అందుకే ఇన్నాళ్ళూ కడుపు మండి చచ్చాను."

కీచుమని బ్రేకులు. "సార్, దూకండి!" అన్న కేక. తలుపుల చప్పుడు, పరుగు. ఆ వెంటనే రేడియో పగిలేంత పేలుడు.

తాబేలు రేడియోని రెండు చేతులా నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఒరేయ్! ఉన్నావా?"

దగ్గు వినిపించింది. "ఉన్నాం బావా. ఇద్దరం. నువ్వు నన్ను పొగిడావంటే కొంపలంటుకున్నాయని అర్థమైంది."

తాబేలు గ్రీజు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. బాస్ మనుషులు వచ్చి ముత్యాన్ని పోలీసు వ్యాన్ ఎక్కించేదాకా లిఫ్ట్ దించలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య తమ్ముడి మోచేతి కట్టు నిమిరి, "టైముకి ఎలా దూకాడో చూశారా మా తమ్ముడు! మెడల్ కూడా వాడికేనట" అంది. తాబేలు పప్పు గిన్నె తన వైపు లాక్కున్నాడు.

ఆమె నీళ్ళకి లేవగానే డేగ చెవి దగ్గరికి వంగాడు. "బావా, రేడియోలో అన్నావే, నిజంగానేనా?"

"కోడ్‌రా అది" అన్నాడు తాబేలు. "ఒకసారి వాడిన కోడ్ మళ్ళీ వాడకూడదు. డిపార్ట్‌మెంట్ రూలు."