సగం గట్టు మీద ఒకడు

పొద్దు వాలాక సగం గట్టు దగ్గర లంగరు వేసే మనిషి మా పోర్ట్ టాల్బీలో లేడు. పగలు ఎంతమందైనా వెళ్తారు. ఆ రాళ్ళ సందుల్లో చేప దండిగా ఉంటుంది మరి. కానీ సూర్యుడు గోధుమ గిడ్డంగుల వెనక్కి దిగాడంటే చాలు, ఎవరి లంగరు వాళ్ళు లాగేసుకుంటారు.

మా తాతల కాలంలో ఓడల కోసమని మొదలుపెట్టారు ఆ గట్టుని. కొండ మొన దగ్గర్నుంచి సముద్రంలోకి బండరాళ్ళు పోసుకుంటూ వెళ్ళారు. సగంలో పని ఆగింది. తర్వాత ఒక తుఫానుకి మధ్యలో తెగిపోయింది. చివరి ముక్క నీళ్ళ మధ్య ఒంటరి కుప్పలా మిగిలింది. దానిమీదికి నడిచి వెళ్ళే దారి లేదు.

అందుకే... చీకటి పడ్డాక దానిమీంచి గొంతు వినబడితే, అది మనిషి గొంతని మేమెవరం అనుకోం.

పని జరిగే రోజుల్లో, సాయంత్రాలు కూలీలని ఒడ్డుకి తెచ్చే పడవ ఒకటుండేదట. ఓ జూలై సాయంత్రం — మా వైపు జూలై అంటే నడి చలికాలం — గాలి లేచి, నడిచి రావడానికి వీల్లేకుండా అలలు గట్టు దాటసాగాయి. పడవ నిండిపోయింది. గట్టు చివర ఒకడు మిగిలాడు.

"ఒక్కడికి చోటుందా?" అని అరిచాడట.

"లేదు, ఉండు, మళ్ళీ వస్తాం" అన్నారట పడవలోవాళ్ళు.

రాలేకపోయారు. తెల్లారి చూస్తే మనిషీ లేడు, అతను నిలబడ్డ రాళ్ళూ లేవు.

అప్పట్నుంచీ చలికాలపు చీకట్లో వాడు వచ్చే పోయే పడవల్ని పిలుస్తూనే ఉంటాడంటారు. పలక్కూడదు. 'చోటుంది' అన్నావో... ఎక్కుతాడు. వాడెక్కిన పడవ ఒడ్డుకి చేరదు.

నేను ఈ రేవులో నలభై ఏళ్ళు ఎర అమ్మాను. పడవ దింపడానికి వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఈ మాట చెప్పి పంపేవాణ్ణి. వాళ్ళ మొహాలు మారుతుంటే చూడ్డం నాకు సరదా.

ఇప్పుడు చెప్పబోయేది ఎనభైమూడు జూలైలో జరిగింది. కొంత వెర్నా నోట విన్నాను, కొంత క్లెమ్ నోట.

వెర్నా, ఐల్సా అక్కచెల్లెళ్ళు. పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఇద్దరికీ కలిపి ఒక రేకు పడవ — పన్నెండడుగులది. వెనక ఇంజను దగ్గర వెర్నా, ముందు బల్ల మీద గాలం పట్టుకుని ఐల్సా. ఐల్సా నోటికి విరామం ఉండేది కాదు. ఆవిడ మాట ఆగిందంటే చేప పడిందన్నమాట. వెర్నా ముప్ఫై ఏళ్ళు ఆ మాటలు వింటూ, "ఊఁ" కొడుతూ బతికింది.

ఆ ఏడు ఈస్టర్ వెళ్ళిన వారానికి ఐల్సా పోయింది.

తర్వాత వెర్నా నా కొట్టుకి వచ్చిన మొదటిరోజు నాకింకా గుర్తు. అలవాటుగా రెండు పాకెట్ల ఎర తీసి బల్ల మీద పెట్టాను.

"ఒకటి చాలు, మెర్వ్."

"ఎప్పుడూ రెండేగా?"

"ఇప్పుడు ఒక్కదాన్నేగా" అంది. రెండోదాన్ని తనే మంచుపెట్టెలో పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ వారం మొత్తం మీద తను మాట్లాడిన మాటలు అవేనని చాలా ఏళ్ళకి చెప్పింది. రేడియోలో వాతావరణం చదివేవాడు "శుభసాయంత్రం" అంటే, వంటింట్లో నిలబడి తనూ తిరిగి చెప్పేదట.

జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం కొండ మొన అవతల గాలం వేసింది వెర్నా. మధ్యాహ్నమంతా ఏమీ పడలేదు. ఐదున్నరకే చీకటి పడుతుంది జూలైలో. మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే ఇళ్ళకి మళ్ళాయి. తను మళ్ళలేదు. ఇంటికెళ్ళి చేసేదేముంది?

ఆరు దాటాక ఇంజను వేసి నెమ్మదిగా వస్తోంది. దారిలో సగం గట్టు. నల్లగా, నీళ్ళలో పడుకున్న జంతువులా ఉంది. ఎప్పుడు అటు వచ్చినా "త్వరగా పోనీవే, త్వరగా" అని ఐల్సా మోకాళ్ళు కొట్టుకునేది. భయం ఐల్సాది. వెర్నా తన భయం సంగతి ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

ఇంజను ఆపేసింది.

'ఇక్కడే చూద్దాం' అనుకుంది. ఎందుకలా అనుకుందో తనకే తెలీదు. లంగరు జారవిడిచింది. గుప్పెడు మేత నీళ్ళలో జల్లింది. గాలానికి ఎర గుచ్చి, రాళ్ళ అంచున తెల్లగా మరిగే నురుగులోకి విసిరింది.

నిశ్శబ్దం... అంటే నిజమైన నిశ్శబ్దం కాదు. అల వచ్చినప్పుడల్లా రాళ్ళ సందుల్లోకి నీళ్ళు దూరి, ఎవరో గటగటా తాగుతున్నట్టు చప్పుడు. అల వెనక్కి పోతే పెద్ద నిట్టూర్పు. మళ్ళీ గటగటా... మళ్ళీ నిట్టూర్పు.

నాలుగో అలకో, ఐదో అలకో — నిట్టూర్పు ఆగలేదు.

నీళ్ళు వెనక్కి పోయినా అది సాగుతూనే ఉంది. సన్నగా. బొంగురుగా.

"ఓ... య్..."

వెర్నా చేతిలో దారం బిగుసుకుంది. చేప కాదు. తన వేళ్ళే బిగుసుకున్నాయి.

"ఓ... య్... పడ... వా..."

రాళ్ళ మీంచే. ముప్ఫై అడుగులు కూడా లేదు. వీపు మీద ఎవరో చల్లటి అరచెయ్యి పెట్టినట్టయిందట. లంగరు తెంచి, తాడు లాగి ఇంజను వేస్తే రెండు నిమిషాల్లో రేవు లైట్లు కనబడతాయి. చెయ్యి ఇంజను తాడు మీదికి వెళ్ళింది కూడా.

లాగలేదు.

"భయం వెయ్యక కాదు మెర్వ్" అంది నాతో. "వణికిపోయాను. కానీ నాలుగు నెలల్లో నన్ను పనిగట్టుకుని పిలిచినవాడు వాడొక్కడే. వాడెవడైతేనేం?"

అప్పుడు, పడవలో ఖాళీగా ఉన్న ముందు బల్ల వైపు చూసిందట. చీకట్లోకి గట్టిగా అరిచింది —

"చోటుందిరా నాయనా! చోటు బోలెడుంది!"



అల వచ్చింది. పోయింది.

తర్వాత రాళ్ళ మీంచి ఒక చప్పుడు... ఏడుపు. మగవాడి ఏడుపు. వెక్కి వెక్కి.

వెర్నా టార్చి వేసింది. వెలుతురు ఒక రాయి మీద పడింది. ఇంకో రాయి మీద. నాచు. నురుగు. రెండు బండల మధ్య నీళ్ళమీద... ఒక తల. తెల్లటి జుట్టు. తెల్లటి మొహం. ఒళ్ళు లేదు. తల ఒక్కటే.

తల నోరు తెరిచింది.

"కళ్ళల్లో కొట్టకు తల్లీ ఆ లైటు..."

వెర్నా టార్చి కిందికి దించింది.

"ఎవరూ? క్లెమ్మా?"

"క్లెమ్మే... క్లెమ్మే... పోకు. దండం పెడతా, పోకు."

క్లెమ్ ట్రెగెన్జా. రైల్వేలో పనిచేసి రిటైరైన డెబ్బై ఏళ్ళవాడు. అతనూ ఒంటరివాడే, అతనికీ చిన్న పడవే. నాలుగు గంటలకి అతని లంగరు రాళ్ళలో ఇరుక్కుంది. ఇటునుంచి లాగితే రాలేదు, అటునుంచి విడిపిద్దామని రాయి మీదికి దిగాడు. కాలు జారింది. మోకాలిదాకా ఉండే రబ్బరు బూటుతో సహా రెండు బండల సందులో దిగబడిపోయింది. కత్తి జారి నీళ్ళలో పడింది. పడవ తాడు తెంపుకుని సముద్రంలోకి పోయింది.

అప్పుడు నీళ్ళు మోకాళ్ళకి. పోటు ఎక్కుతూ వచ్చింది. నడుముకి. రొమ్ముకి. ఇప్పుడు గడ్డానికి.

వెర్నా లంగరు తాడు వదులుతూ, పడవ వెనక భాగాన్ని రాళ్ళ దగ్గరికి రానిచ్చింది. రెండు అలల మధ్య ఊపిరి బిగబట్టి దూకింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పడవ తాడు నడుముకి కట్టుకునుంది. నోట్లో చేపలు కోసే కత్తి.

"కాలు ఎంత లోతులో ఉంది?"

"చెయ్యంత. లాభం లేదు. నీళ్ళు నిండి బూటు ఉబ్బిపోయింది. నువ్వెళ్ళి ఎవరినైనా తీసుకురా..."

"వచ్చేసరికి నువ్వుండవు. మూసుకో."

ఊపిరి పీల్చుకుని నీళ్ళలో ముంచింది తల. తడుముకుంటూ బూటు పై అంచు పట్టుకుంది. కోసింది. అల వచ్చి రాయికేసి కొట్టింది. పైకి లేచింది. మళ్ళీ మునిగింది. మళ్ళీ కోసింది. మూడోసారి కత్తికి రబ్బరుతోపాటు అతని పిక్క కూడా తెగింది. అతనికి తెలియనే లేదు — కాలు అంత మొద్దుబారిపోయింది.

బూటు చీలింది. అయినా కాలు రాలేదు.

నీళ్ళు ఇప్పుడు క్లెమ్ పెదాల దాకా వచ్చాయి. అల వచ్చినప్పుడల్లా మొహం మునిగిపోతోంది.

వెర్నా నడుముకున్న తాడు లాగి పడవ దగ్గరికి తెచ్చి, మేతలో కలిపే చేపనూనె ప్లాస్టిక్ సీసా అందుకుంది. మూత పళ్ళతో లాగేసి, సీసాతో సహా చెయ్యి నీళ్ళలోకి దించి, చీల్చిన బూటులోకి దూర్చి పిండింది. సీసా అంతా.

"దేవుడా... ఏం కంపే ఇది..."

"ముక్కు తర్వాత మూసుకుందువుగాని. లాగు!"

అతను లాగాడు. ఆవిడ చంకల కింద చేతులేసి లాగింది. ఏదో చటుక్కుమంది — ఎముకో, బూటో. ఇద్దరూ వెనక్కి పడ్డారు.

కాలు బయటికొచ్చింది.

పడవలో ఐల్సా బల్ల మీద కూర్చోబెట్టి, తన కోటు తీసి కప్పింది. రేవు వైపు వస్తుంటే క్లెమ్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా మాట్లాడుతూనే ఉన్నాడు.

"చోటుందని అన్నావు చూడూ... నేను పోయాననే అనుకున్నా. ఆ కథలో వాణ్ణి నేనే అయిపోయాననుకున్నా."

"ఇందాకట్నుంచీ ఎవరూ రాలేదా ఇటు?"

క్లెమ్ కోటు దగ్గరగా లాక్కున్నాడు.

"మూడు పడవలు పోయాయి."

"అరవలేదా?"

"ఉన్న గొంతంతా పోయేదాకా అరిచా. అరిచేకొద్దీ జోరుగా పోయారు."

ఆస్పత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు. ప్రాణం దక్కింది. ఊరంతా వెర్నా ఇంటి ముందే. ఆవిడ తలుపు ఓరగా తెరిచి, "టీ పెట్టడానికి అన్ని కప్పులు లేవు" అని మళ్ళీ వేసేసింది.

ఆ మూడు పడవలూ ఎవరివని పబ్బులో గొడవ లేచింది. హార్నెట్ అన్నదమ్ములిద్దరూ లేచి నిలబడి, ఏడుపు మొహాలతో ఒప్పుకున్నారు. "దెయ్యమనుకున్నాం, మెర్వ్ చెప్పిన దెయ్యమనుకున్నాం" అన్నారు. రెండు పడవలూ వాళ్ళవే. అందరూ నవ్వారు, తిట్టారు, బీరు పోయించారు.

మూడో పడవ ఎవరిదో తేలలేదు. క్లెమ్‌ని అడిగితే, "చీకటి. కనబడలేదు" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

సెప్టెంబరులో చేతికర్ర పొడుచుకుంటూ నా కొట్టుకి వచ్చాడు. వెర్నా బయట పడవ దగ్గరుంది.

"రెండు పాకెట్లు ఇయ్యి మెర్వ్. ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం. నేను మరీ వాగుతున్నానంటోంది."

నవ్వాను. పాకెట్లు సంచిలో పెడుతుంటే ఒకటి చేతిలోంచి జారింది. అతను వంగలేడు కదా, చూస్తూ నిలబడ్డాడు. నేను వంగి తీసుకున్నాను.

"నీ పడవ మీద వెళ్తున్నావా ఈమధ్య?" అన్నాడు.

"లేదు."

"వెళ్ళు. మంచి ఇంజను నీది. దాని చప్పుడు నేను నిద్రలో విన్నా పోల్చుకుంటాను."

అంతే. సంచి తీసుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత బతికిన పదకొండేళ్ళలోనూ ఇంకోసారి ఆ మాటెత్తలేదు. వెర్నాకీ చెప్పలేదనే అనుకుంటాను. చెప్పుంటే ఆవిడ నా కొట్లో అడుగుపెట్టేది కాదు, ఈ కథంతా నాకు చెప్పేదీ కాదు.

కిందటేడు వెర్నా కూడా పోయింది. ఇక చెప్పడానికి అడ్డమెవరూ లేరు.

హార్నెట్ అన్నదమ్ములు విన్నది "పడవా" అన్న కేక. చీకట్లో, గాలిలో, దెయ్యమనుకున్నారు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ వెనక పది నిమిషాలకి వచ్చాను నేను. నాకు వినబడింది ఆ మాట కాదు.

"మెర్వ్... ఓ మెర్వ్..." అని. పేరు పెట్టి. రెండుసార్లు.

ఇంజను పూర్తి వేగానికి తిప్పేశాను.