వంటింటి డైరెక్టర్లు

ఆ ఆదివారం పొద్దున తిరువూరులో దశరథరామయ్య ఇంటి వసారాలో కంపెనీ మీటింగు పెట్టారు. వంటింట్లో ఆయన భార్య సామ్రాజ్యం కాఫీ కలుపుతోంది. అత్తగారు సుబ్బాయమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చోద్యమేమిటంటే, ఈ ఇద్దరూ ఆ కంపెనీకి డైరెక్టర్లే.

వాళ్ళ బియ్యం మిల్లు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. మామగారు పోయాక ఛైర్మన్ ఎవరన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ పడక, ఒకరికి దక్కకుండా ఒకరు తల్లి పేరు రాయించారు. వడ్లు ఆరబోసే కళ్ళం సామ్రాజ్యానికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేలలో ఉంది కాబట్టి ఆమె పేరూ ఎక్కింది. ఆ రోజుల్లో అమెరికాలో, ఇంగ్లండులో వెతికినా కంపెనీకి ఒక్క ఆడ డైరెక్టరు దొరకడం గగనమనీ, మీకు నలుగురిలో ఇద్దరనీ బెజవాడ ఆడిటరు వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. తీర్మానాల పుస్తకం వంటింటి గడప దగ్గరికి వచ్చేది. కోడలు చెయ్యి తుడుచుకుని సంతకం చేసేది, అత్త వేలిముద్ర వేసేది. ఏం రాశారని అడిగే ఆచారం ఆ ఇంట్లో లేదు.

ఈసారి ఏం రాశారో సామ్రాజ్యానికి తెలుసు. మొన్న జల్లు పడి వడ్లు తడిశాయని ఆమె మరిది జగన్నాథరావు, కళ్ళంలో పనిచేసే మేరమ్మను మిల్లు బెల్టు ముక్కతో వీపు చిట్లేలా కొట్టాడు. అడ్డం వచ్చిన ఆమె మొగుడు బాలశౌరి తల ఇనుప కమ్మీతో పగలగొట్టాడు. తడిసిన వడ్లు ఎర్రబడ్డాయి. డాబా మీద వడియాలు ఎత్తుతూ సామ్రాజ్యం అంతా చూసింది. వడియాల చాట పట్టుకుని కిందికి దిగి వచ్చేసింది. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్న బాలశౌరే తాగొచ్చి మిల్లు మీద పడ్డాడని తీర్మానం చేసి పోలీసులకు ఇస్తారట. కట్లు విప్పకముందే అతను జైలుకు పోతాడు.

దశరథరామయ్య పుస్తకం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. సామ్రాజ్యం ఆ పుస్తకం తీసుకుని వసారాలోకి నడిచి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆ కుర్చీల దుమ్ము దులిపిందే గాని కూర్చుని ఎరగదు.

"ఇది అబద్ధం. నా కళ్ళతో చూశాను. నేను ఒప్పుకోనండి" అంది.

జగన్నాథరావు టీపాయిని తన్నాడు. కాఫీ గ్లాసులు భళ్ళుమన్నాయి. పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోవడం చేతకాని అన్న తనకు ఉన్నాడని వీధి వినేలా అరిచాడు. తమ్ముడి ముందు చులకనయ్యానన్న ఉక్రోషంతో దశరథరామయ్య ఆమె చెంప మీద కొట్టాడు. కుర్చీతో సహా పడిపోయింది. పెదవి చిట్లి రక్తం పుస్తకం మీద కారింది. ఆమె లేచి, కుర్చీ నిలబెట్టి, మళ్ళీ అందులోనే కూర్చుంది.

ఆ చప్పుడుకు సుబ్బాయమ్మ గడప దాటి వచ్చింది. ఎవరినీ చూడకుండా పోయి, మొగుడు పోయాక ఎవరూ కూర్చోని పెద్ద కుర్చీలో కూర్చుంది.

"నేనూ ఒప్పుకోను" అంది.

లోపలికి పొమ్మంటూ జగన్నాథరావు ఆమె రెక్క పట్టి లాగాడు. తల్లి మీద చెయ్యి పడేసరికి దశరథరామయ్య తమ్ముడి మెడ అందుకున్నాడు. ఇద్దరూ గాజుపెంకుల మీద పడి దొర్లారు. ఒకడి మోచెయ్యి తెగింది, ఇంకొకడి ముక్కు నుంచి నెత్తురు కారింది.

"మీ నాన్న నన్ను కొట్టినప్పుడల్లా మీరిద్దరూ ఆ తలుపు చాటున నిలబడి చూసేవాళ్ళురా" అంది సుబ్బాయమ్మ. గొంతు పెంచలేదు. "చూసి ఇదే నేర్చుకున్నారు. ఓట్లు ఇద్దరికిద్దరం. సమానమైతే ఛైర్మన్ మాటే చెల్లుతుందని రాయించింది మీరేగా. ఈ తీర్మానం చెల్లదు. చిన్నోడు ఇక మిల్లు గుమ్మం తొక్కడు."

జగన్నాథరావు తిట్టుకుంటూ వీధిలోకి పోయాడు. దశరథరామయ్య నెత్తురు తుడుచుకుని లేచాడు. తర్వాత వంటింటి గడప దగ్గరికి వచ్చి, తడిగుడ్డ పెదవికి అదుముకుంటున్న భార్యను చూశాడు.

"తప్పు చేశాను సామ్రాజ్యం."

"ఆ మాట ముందు ఆసుపత్రిలో చెప్పండి. నా సంగతి తర్వాత" అంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసే వెళ్ళారు. బాలశౌరి కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన నేల మీద మేరమ్మ కూర్చుని ఉంది. అతని మీద కేసు లేదనీ, వైద్యం ఖర్చు మిల్లుదేననీ చెప్పి, దశరథరామయ్య దండం పెట్టబోయి రెండు చేతులూ ఎత్తాడు.

మేరమ్మ తల మీద చేతులు అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోయింది.

చేతులు అక్కడే ఆగిపోయాయి. పక్కకు తిరిగి చూశాడు. సామ్రాజ్యం కూడా తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసి ఉంది.

అప్పుడు ఏడ్చాడు దశరథరామయ్య, అందరి ముందూ, వెక్కి వెక్కి. ఎత్తిన చేతుల్ని దించడం కూడా మరిచిపోయాడు. సామ్రాజ్యం కళ్ళు నిండాయి, కోపం మాత్రం ఇంకా పోలేదు. దగ్గరికి వచ్చి, ఆ చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.